ఎవరు అడిగారు, ఎవరు చేశారు: అమెరికా పౌరహక్కుల ఉద్యమంలో నల్లజాతి, తెల్లజాతి ఆడవాళ్లు

మీరు రెండు విషయాలు అడిగారు. అమెరికా పౌరహక్కుల ఉద్యమంలో నల్లజాతి, తెల్లజాతి ఆడవాళ్లు నిజంగానే కలిసి పనిచేశారా, లేక మంచి మనసున్న తెల్ల దొరసాని వచ్చి అందరినీ ఆదుకున్నట్టు తర్వాత అల్లుకున్న కథా అన్నది మొదటిది. తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకు ఇందులోంచి ఎవరిని ఎంచుకుంటే బాగుంటుందన్నది రెండోది. అట్లాంటాలో ఉంటున్నామని కూడా రాశారు. అది ప్రాజెక్టుకు బాగా పనికొస్తుంది, చివర్లో చెప్తాను.

నేను చాలా ఏళ్లు డిగ్రీ, పీజీ విద్యార్థులకు అమెరికా చరిత్ర చెప్పాను. మీ మొదటి ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. కలిసి పనిచేశారన్నది నిజమే. అయితే ముందు స్నేహాలు కుదిరి, ఆ తర్వాత ఉద్యమం మొదలైందని అనుకోకండి. చాలాచోట్ల ముందు పని పడింది. ఏం కావాలో నల్లజాతి ఆడవాళ్లు చెప్పారు. ఇంటి రిజిస్ట్రేషన్, జైలు ఫోన్లో మర్యాదైన జవాబు, మంచి హోటల్లో గది, పేపర్లో నాలుగు వాక్యాల చోటు లాంటివి తెల్లవాళ్లకు మాత్రమే దొరికే రోజులవి. వాటిని తెల్లజాతి ఆడవాళ్లు తెచ్చిపెట్టారు. ఇలా జరిగినచోట పని ముందుకు సాగింది. ఏం చేయాలో, ఎంతవరకు చేయాలో తెల్లజాతి ఆడవాళ్లే తేల్చేసినచోట సగంలో ఆగింది. నేను చదివిందాన్ని బట్టి ఇది దాదాపు ప్రతిచోటా కనిపిస్తుంది.

1920 నాటి ఒక సభతో మొదలుపెడతాను. ఆ ఏడాది అక్టోబర్‌లో టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌లో చర్చి సంఘాలకు చెందిన తొంభై మంది దాకా తెల్లజాతి ఆడవాళ్లు సమావేశమయ్యారు. నల్లజాతి మహిళా నాయకులను పిలిచి వాళ్ల మాట వినాలని అనుకున్నారు. అమెరికా దక్షిణాదిలో అప్పటికి అదే పెద్ద సాహసం. పిలుపు అందుకున్నవాళ్లలో నార్త్ కరొలైనాలో బడి నడిపే షార్లెట్ హాకిన్స్ బ్రౌన్ ఒకరు. ఆవిడ మెంఫిస్‌కు రైల్లో స్లీపర్ టికెట్ కొనుక్కుని బయల్దేరారు. దారిలో కొందరు తెల్ల మగవాళ్లు వచ్చి చుట్టుముట్టి, ఆ పెట్టెలోంచి దింపి నల్లవాళ్ల పెట్టెలోకి పంపేశారు. అదే సభకు వెళ్తున్న తెల్లజాతి ఆడవాళ్లు ఆ రైల్లోనే ఉన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు.

సభలో మాట్లాడే వంతు వచ్చినప్పుడు బ్రౌన్ తయారుచేసుకున్న ప్రసంగం పక్కన పెట్టి ఈ సంగతే చెప్పారు. మా మగవాళ్లను మూకలు చంపుతుంటే మీరు ఆపగలరు, మీ ఇళ్లలో మగవాళ్లను మీరు అదుపులో పెట్టగలరు, మరి ఎందుకు చేయరు అని నిలదీశారు. ఆతిథ్యం ఇచ్చినవాళ్ల ముఖం మీదే ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఊహించండి. లించింగ్‌లకు, అంటే ఈ మూక హత్యలకు, ప్రతిసారీ చెప్పే సాకు ‘తెల్లజాతి ఆడవాళ్ల మానరక్షణ’. ఆ సాకు అబద్ధమని నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ 1890ల్లోనే వివరాలతో సహా రాసి, ప్రాణభయంతో మెంఫిస్‌నే వదిలిపెట్టాల్సి వచ్చింది. అదే ఊళ్లో, దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, ఎవరి పేరు చెప్పి ఈ హత్యలు జరుగుతున్నాయో వాళ్లే కూర్చుని ఆ మాట విన్నారు.

ఫలితం రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1930 నవంబర్‌లో, మీ ఊరు అట్లాంటాలోనే, టెక్సాస్‌కు చెందిన జెస్సీ డేనియల్ ఏమ్స్ లించింగ్‌ల నివారణకు దక్షిణాది మహిళల సంఘం పెట్టారు. మా మానం కాపాడే వంకతో ఎవరినీ చంపడానికి వీల్లేదని నలభై వేల మందికి పైగా ఆడవాళ్లు సంతకాలు పెట్టారు. ఊరూరా షెరీఫ్‌ల (స్థానిక పోలీసు అధికారుల) దగ్గరికి వెళ్లి, ఖైదీని మూకకు అప్పగించబోమని వాళ్లతోనూ సంతకాలు చేయించారు. ఎక్కడైనా గొడవ రాజుకుంటోందని తెలిస్తే ఆ ఊళ్లోని సభ్యురాలికి ఫోన్ చేసి, షెరీఫ్ మీద ఒత్తిడి తెచ్చేవారు. ఇది చిన్న పనేం కాదు.

కానీ ఆ సంఘంలో నల్లజాతి ఆడవాళ్లకు సభ్యత్వం లేదు. లించింగ్‌ను ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ చట్టం కింద) నేరంగా మార్చే చట్టం కావాలని నల్లజాతి మహిళా సంఘాలు ఏళ్ల తరబడి పోరాడుతుంటే, రాష్ట్రాల హక్కుల్లో వేలు పెట్టకూడదని ఏమ్స్ ఆ చట్టాన్ని సమర్థించలేదు. నల్లజాతి నాయకులు నచ్చజెప్పినా వినలేదు. సాయం చేసేవాళ్లు ఎంత చిత్తశుద్ధితో ఉన్నా, బాధ పడేవాళ్లకు ఆ గదిలో కుర్చీ లేకపోతే ఇలాగే అవుతుంది. మీ అమ్మాయి ఈ సంఘం గురించి రాస్తే రెండు వైపులూ రాయమని చెప్పండి.

ఇప్పుడు అలబామా రాజధాని మాంట్‌గొమరీ. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరికీ తెలుసనుకునే కథలో అసలు మనుషులు చాలామంది కనిపించరు.

1955 డిసెంబర్ 1 సాయంత్రం బస్సులో తెల్లవాళ్లకు సీటు ఇవ్వనన్నందుకు నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌ను అరెస్టు చేశారు. బట్టల దుకాణంలో కుట్టుపని చేసే ఆవిడ అలసిపోయి లేవలేదని స్కూల్ పుస్తకాల్లో రాస్తారు. ఆవిడ అప్పటికే చాలా ఏళ్లుగా నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖకు కార్యదర్శి. అంతకు కొన్ని నెలల ముందు, ఆ వేసవిలోనే, టెనెసీ కొండల్లోని హైలాండర్ ఫోక్ స్కూల్‌లో శిక్షణకు వెళ్లొచ్చారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే బల్ల దగ్గర తిని, ఒకే చోట పడుకుని, బడుల్లో వేర్పాటును (నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ విడివిడిగా ఉంచే పద్ధతిని) ఎలా పోగొట్టాలో చర్చించే చోటు అది. అక్కడ శిబిరాలు నడిపినవారిలో సెప్టిమా క్లార్క్ అనే నల్లజాతి టీచర్ ముఖ్యులు. రోజా పార్క్స్‌కు అక్కడ స్కాలర్‌షిప్ దొరకడానికి సాయపడింది వర్జీనియా డర్ అనే తెల్లజాతి మహిళ. పార్క్స్ ఆ ఇంట్లో పిల్లల బట్టలు కుట్టేవారు. పరిచయం అలా మొదలైంది.

వర్జీనియా డర్ గురించి చెప్పాలి. అలబామాలో పాత కులీన కుటుంబంలో పుట్టారు. కాలేజీలో చదివేటప్పుడు, భోజనాల బల్ల దగ్గర నల్లజాతి విద్యార్థిని పక్కన కూర్చోనని మొండికేశారు. కూర్చోకపోతే ఇంటికి వెళ్లిపోవచ్చని కాలేజీవాళ్లు కచ్చితంగా చెప్పేసరికి కూర్చున్నారు. తర్వాత వాషింగ్టన్‌లో ఉన్నప్పుడు పోల్ టాక్స్ రద్దు కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. డబ్బు కడితేనే ఓటు అనే ఆ పన్ను వల్ల నల్లవాళ్లతోపాటు పేద తెల్లవాళ్లకూ, ముఖ్యంగా ఇంట్లో చేతిలో పైసా ఆడని ఆడవాళ్లకూ ఓటు లేకుండా పోయేది. తన సొంత కష్టమూ పక్కవాళ్ల కష్టమూ ఒకే చోట ముడిపడి ఉన్నాయని అక్కడ అర్థమైంది కాబట్టే ఆవిడ చివరిదాకా నిలబడ్డారని నా నమ్మకం. జాలితో వచ్చినవాళ్లు జాలి తీరగానే వెళ్లిపోతారు.

పార్క్స్‌ను అరెస్టు చేసిన రాత్రి స్థానిక నల్లజాతి నాయకుడు ఇ. డి. నిక్సన్ జైలుకు ఫోన్ చేసి ఏం కేసు పెట్టారని అడిగితే, నల్లవాడని గొంతునుబట్టే గ్రహించి జవాబు చెప్పలేదు. ఆయన వర్జీనియా భర్త, లాయర్ క్లిఫర్డ్ డర్‌కు ఫోన్ చేశారు. డర్ ఫోన్ చేస్తే చెప్పారు. తర్వాత నిక్సన్, డర్ దంపతులు ముగ్గురూ కలిసి జైలుకు వెళ్లారు, నిక్సన్ జామీను ఇచ్చారు. తెల్లతోలు ఏ పనికి వాడారో చూశారా? ఒక్క ఫోన్ కాల్‌కు, పక్కన నిలబడడానికి. కేసు పెట్టి పోరాడాలా వద్దా అన్నది పార్క్స్ తన తల్లితో, భర్తతో మాట్లాడుకుని తేల్చుకున్నారు. చంపేస్తారని భర్త భయపడ్డారు. అయినా ఆవిడే సరేనన్నారు.

అదే రాత్రి ఇంకోచోట ఇంకో పని జరుగుతోంది. అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పే జో ఆన్ రాబిన్సన్, నల్లజాతి ఆడవాళ్ల సంఘమైన ఉమెన్స్ పొలిటికల్ కౌన్సిల్‌కు అధ్యక్షురాలు. 1949లో దాదాపు ఖాళీగా ఉన్న బస్సులో ముందు వరుసల్లో కూర్చున్నందుకు డ్రైవర్ మీదికొచ్చి అరిస్తే ఏడుస్తూ దిగిపోయిన మనిషి. బస్సుల్లో తీరు మారకపోతే బహిష్కరిస్తామని 1954 మే నెలలోనే మేయర్‌కు ఉత్తరం రాసి పెట్టారు. పార్క్స్ అరెస్టు సంగతి తెలియగానే అర్ధరాత్రి కాలేజీకి వెళ్లి, ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థులతో కలిసి సైక్లోస్టైల్ మెషిన్ మీద వేల కరపత్రాలు తీశారు. కాగితం ఆదా అవ్వాలని ఒక్కో కాగితం మీద మూడు కరపత్రాలు టైపు చేసి, తర్వాత కత్తిరించి కట్టలు కట్టారు. తెల్లారాక క్లాసు చెప్పి, ఆ వెంటనే కట్టలు కార్లో వేసుకుని బడులూ, బ్యూటీ పార్లర్లూ, దుకాణాలూ తిరిగి పంచారు. సోమవారం బస్సులు ఖాళీగా తిరిగాయి. ఇందులో తెల్లవాళ్ల చెయ్యి లేదు, వాళ్లను ఎవరూ అడగనూ లేదు.

బహిష్కరణ 381 రోజులు నడిచింది. నడిచేవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్ల ఇళ్లలో వంటా, అంట్లూ, పిల్లల పనీ చేసే ఆడవాళ్లు. చాలామంది తెల్ల ఇల్లాళ్లు తమ పనిమనుషులను కార్లో తీసుకొచ్చి దింపేవారు. అలా చేయొద్దని 1956 జనవరిలో మేయర్ గేల్ విజ్ఞప్తి చేశారు. మా ఇంటికొచ్చి బట్టలుతికి వంట చేసి పిల్లల్ని చూసుకుంటానంటే ఆయన్ను రమ్మనండి, అప్పుడు ఆలోచిస్తాం అని వాళ్లు గట్టిగానే బదులిచ్చారు. చాలా పుస్తకాలు దీన్ని రెండు జాతుల ఆడవాళ్ల ఐక్యతగా చూపిస్తాయి. నేను ఒప్పుకోను. వాళ్లకు కావాల్సింది పనిమనిషి. వర్జీనియా డర్ చెప్పిన ఒక సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. ఆవిడ అత్తగారింట్లో పనిచేసే ఒకావిడ, మా ఇంట్లోవాళ్లం ఈ గొడవల జోలికి పోమండీ అని అమ్మగారి ముందు అమాయకంగా చెప్పేవారు. నిజానికి వాళ్లింటిల్లిపాదీ ఉద్యమంలో ఉన్నారు. అబద్ధం ఎందుకు చెప్పావని డర్ తర్వాత అడిగితే, సింహం నోట్లో చెయ్యి ఉన్నప్పుడు దాని తల నిమరడమే మంచిదని జవాబిచ్చారు.

ఆ నోట్లో చెయ్యి పెట్టినవాళ్లలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి జార్జియా గిల్మోర్. ఒక తినుబండారాల కంపెనీలో వంటమనిషి. ఒక డ్రైవర్ ఆవిడ దగ్గర ముందు తలుపు దగ్గర డబ్బు తీసుకుని, దిగి వెనక తలుపు నుంచి ఎక్కమన్నాడు. దిగగానే బస్సు పోనిచ్చేశాడు. ఇది ఆ రోజుల్లో మామూలుగా జరిగేదే. బహిష్కరణ నడిపినందుకు మార్టిన్ లూథర్ కింగ్ మీద పెట్టిన కేసులో 1956 మార్చిలో కోర్టుకెళ్లి ఈ సంగతి సాక్ష్యం చెప్పారు. ఉద్యోగం పోయింది. దాంతో తన ఇంట్లోనే వండి అమ్మడం మొదలుపెట్టారు. అంతకుముందు నుంచే ఆవిడ, తోటి వంటమనుషులూ కలిసి పైలూ, కేకులూ, వేయించిన చికెన్ భోజనాలూ అమ్మి, ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చేవారు. పెట్రోలుకూ, కార్ల రిపేర్లకూ ఆ డబ్బే. ఆ గుంపు పేరు ‘క్లబ్ ఫ్రమ్ నోవేర్’. ఈ డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఎక్కడినుంచో వచ్చిందని చెప్పొచ్చు, ఎవరి పేరూ బయటికి రాదు. పేరు బయటపడితే పని పోతుంది, అద్దె ఇల్లు పోతుంది. కొన్నవాళ్లలో తెల్లవాళ్లూ ఉన్నారు. పేరు చెప్పుకోకుండా డబ్బు పెట్టి, కేకు పట్టుకెళ్లినవాళ్లు. రెండు జాతుల కలయిక ఇంత గుట్టుగా కూడా జరిగింది. పేర్లు లేవు కాబట్టి చరిత్ర పుస్తకాలకు అందదు.

బస్సుల కేసును చివరికి గెలిపించింది నలుగురు నల్లజాతి ఆడవాళ్లు. ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయిస్ స్మిత్, క్లాడెట్ కాల్విన్. కాల్విన్ పార్క్స్ కన్నా తొమ్మిది నెలల ముందే, 1955 మార్చిలో, పదిహేనేళ్ల వయసులో సీటు ఇవ్వనని అరెస్టయింది. మీ అమ్మాయి కన్నా ఏడాది పెద్దదేమో! వీళ్ల పేరిట వేసిన కేసులోనే 1956 నవంబర్‌లో సుప్రీంకోర్టు బస్సుల్లో వేర్పాటు చెల్లదని తేల్చింది.

అదే ఊళ్లో జూలియట్ హాంప్టన్ మోర్గన్ అనే తెల్లజాతి లైబ్రేరియన్ ఉండేవారు. బస్సుల్లో వెళ్లే మనిషి, డ్రైవర్ల తీరు రోజూ కళ్లారా చూసేవారు. ఎవరినో డబ్బు తీసుకుని ఎక్కించుకోకుండా వదిలేసి పోతుంటే అత్యవసర గొలుసు లాగి బస్సు ఆపించారు. బహిష్కరణ మొదలైన వారానికి మాంట్‌గొమరీ పేపర్‌కు ఒక ఉత్తరం రాశారు. ఇక్కడి నల్లవాళ్లు గాంధీ దగ్గర పాఠం నేర్చుకున్నట్టున్నారని, ఉప్పు సత్యాగ్రహాన్ని గుర్తుచేస్తూ రాశారు. ఈ పోలిక మొదట చూపింది ఆవిడేనని కింగ్ తర్వాత స్వయంగా రాశారు. దండి యాత్ర గురించి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన మనకు ఆ ఉత్తరం ప్రత్యేకంగా తగులుతుంది. అయితే ఆవిడకు అండగా ఎవరూ నిలబడలేదు. రాత్రీ పగలూ బెదిరింపు ఫోన్లు, కిటికీల మీద రాళ్లు, లైబ్రరీలో ఉద్యోగం తీసేయాలని ఒత్తిడి. పాత స్నేహితులు మొహం చాటేశారు. 1957 జూలైలో బెదిరింపుగా ఇంటి ముందు శిలువ కాల్చారు. ఆ నెలలోనే ఆవిడ ప్రాణం తీసుకున్నారు. ఇది మీ అమ్మాయికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్తే, ఒంటరిగా నిలబడినవాళ్లకు తోడు లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పండి. జార్జియా గిల్మోర్‌కు ఉద్యోగం పోయినా చుట్టూ ఊరుంది. మోర్గన్‌కు ఆ ఊరు లేదు.

కెంటకీలో ఆన్ బ్రేడెన్ కథ కూడా ఇక్కడ చెప్పాలి. 1954లో లూయివిల్ దగ్గర ఆండ్రూ వేడ్, షార్లెట్ వేడ్ అనే నల్లజాతి దంపతులు ఇల్లు కొనుక్కోవాలనుకున్నారు. తెల్లవాళ్ల పేటలో వాళ్లకు ఎవరూ అమ్మరు. మీ పేరు మీద కొని మాకు మార్చి ఇస్తారా అని ఆన్, కార్ల్ బ్రేడెన్‌లను అడిగారు. వీళ్లు సరేనన్నారు. జూన్‌లో ఆ ఇంటిని డైనమైట్‌తో పేల్చారు. పేల్చినవాళ్లను వదిలేసి, ఇల్లు కొనిపెట్టినవాళ్ల మీద రాజద్రోహం కేసు పెట్టారు. కార్ల్‌కు పదిహేనేళ్ల శిక్ష వేశారు. కొన్ని నెలలు జైల్లో ఉన్నాక పైకోర్టులో కొట్టేశారు. ఆన్ ఆ తర్వాత 2006లో చనిపోయేదాకా ఈ పని మానలేదు. నల్లజాతి యువతీయువకుల సంస్థ స్నిక్ 1966లో తెల్లవాళ్లు మా దగ్గర కాకుండా మీ సొంత పేటల్లోకి వెళ్లి మీవాళ్లను మార్చండి అన్నప్పుడు చాలామంది తెల్లజాతి కార్యకర్తలు నొచ్చుకున్నారు. ఆన్ బ్రేడెన్ మాత్రం అది సబబేనన్నారు. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

మర్యాద విషయం కూడా రాయాలి, పిల్లలకు ఇది తొందరగా అర్థమవుతుంది. దక్షిణాదిలో తెల్లవాళ్లు నల్లజాతి ఆడవాళ్లను ఎంత పెద్దవాళ్లయినా పేరు పెట్టి పిలిచేవారు. మిసెస్, మిస్ అనేవి తెల్లవాళ్లకే. 1963లో అలబామాలోని గాడ్స్‌డెన్ కోర్టులో ప్రభుత్వ లాయర్ ‘మేరీ’ అని పిలిస్తే, మేరీ హామిల్టన్ అనే ఉద్యమకారిణి మిస్ హామిల్టన్ అనేదాకా జవాబు చెప్పనన్నారు. కోర్టు ధిక్కారమని ఐదు రోజులు జైలు, యాభై డాలర్ల జరిమానా వేశారు. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. కలిసి పనిచేద్దామని వచ్చిన తెల్లజాతి ఆడవాళ్లలో ఎవరు నిజంగా మారారో తెలుసుకోవడానికి ఇదొక తేలికైన గుర్తు. వాళ్లు ఎవరిని ఎలా పిలుస్తారో చూస్తే చాలు.

మిసిసిపీకి వస్తే ఇంకో పద్ధతి కనిపిస్తుంది. 1961లో ఫ్రీడమ్ రైడర్లు, అంటే బస్సుల్లో కలిసి ప్రయాణించి వేర్పాటును ధిక్కరించిన నల్ల, తెల్ల యువతీయువకులు, జాక్సన్‌లో వందల సంఖ్యలో అరెస్టయ్యారు. క్లారీ కాలిన్స్ హార్వీ అనే నల్లజాతి వ్యాపారవేత్త వాళ్ల విచారణ చూడడానికి కోర్టుకు వెళ్లారు. కొందరు అమ్మాయిలు చలికి వణుకుతున్నారు. స్వెటర్లు పంపించారు. అక్కడి నుంచి ‘ఉమన్‌పవర్ అన్‌లిమిటెడ్’ పుట్టింది. జైలుకు తువ్వాళ్లు, సబ్బులు, బట్టలు పంపడం, విడుదలైనవాళ్లకు స్నానం, భోజనం, పడక ఏర్పాటు చేయడం వాళ్ల పని. జైల్లో నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేర్వేరు గదుల్లో పెట్టారు. బయటికొచ్చాక ఈ ఆడవాళ్లు ఇద్దరికీ ఒకే వంటింట్లో అన్నం పెట్టారు. ఇక్కడ ఆదుకున్నది నల్లజాతి ఆడవాళ్లు. ఇళ్లకు వేల మైళ్ల దూరంలో ఉన్న తెల్ల పిల్లలకు అమ్మలా నిలబడింది వాళ్లే. మీరు చెప్పిన ‘తెల్ల దొరసాని’ కథకు ఇది పూర్తిగా తిరగబడిన చిత్రం.

1964 వేసవిలో ఓటర్ల నమోదుకు ఉత్తరాది విద్యార్థులు మిసిసిపీకి వచ్చారు. జూన్‌లో ముగ్గురు కార్యకర్తలు కనిపించకుండా పోయారు, ఆగస్టులో శవాలు దొరికాయి. అదే వేసవిలో ‘వెన్స్‌డేస్ ఇన్ మిసిసిపీ’ నడిచింది. నల్లజాతి మహిళా సంఘాల జాతీయ మండలి అధ్యక్షురాలు డొరొతీ హైట్, న్యూయార్క్‌కు చెందిన యూదు మహిళ పాలీ కొవాన్ కలిసి దీన్ని నడిపారు. ఉత్తరాది ఆడవాళ్లు వచ్చి స్థానిక తెల్లజాతి ఆడవాళ్లతో మాట్లాడాలని, మా మధ్య వంతెనగా ఉండాలని కోరింది మళ్లీ క్లారీ హార్వీయే.

పద్ధతి ఇదీ. నల్ల, తెల్ల ఆడవాళ్లు, ప్రొటెస్టెంట్, క్యాథలిక్, యూదు మతాలవాళ్లు, ఆరేడు మంది జట్టుగా మంగళవారం విమానంలో జాక్సన్‌లో దిగుతారు. దిగగానే ఒకరికొకరు తెలియనట్టు విడిపోతారు. తెల్లవాళ్లు ఒకవైపు, నల్లవాళ్లు నల్లజాతి కుటుంబాల ఇళ్లకు. బుధవారం చిన్న ఊళ్లలో ఉద్యమం నడిపే ఫ్రీడమ్ స్కూళ్లకు పుస్తకాలు, బొమ్మల సామాన్లు పట్టుకెళ్తారు. గురువారం తిరుగు ప్రయాణం. ముత్యాల దండలు, తెల్లటి గ్లోవ్స్ వేసుకుని పెద్దింటి ఆడవాళ్లలా వచ్చేవారు. పేరంటానికి వచ్చినట్టు కనిపిస్తే పోలీసులకు అనుమానం తక్కువ. జాక్సన్‌లోని తెల్ల ఇల్లాళ్లు కొందరు భర్తలకు తెలియకుండా కాఫీకి పిలిచి, కర్టెన్లు వేసి మాట్లాడేవారు. ఇలా కలిసినవాళ్లలో, బడుల్లో పిల్లలను కలిపితే బడులే మూసేస్తామనే బెదిరింపును ఎదిరించి, బడులు తెరిచి ఉంచాలని పనిచేస్తున్న స్థానిక తెల్లజాతి మహిళలూ ఉన్నారు. ఆ శరదృతువులోనే జాక్సన్ బడుల్లో ఒకటో తరగతి పిల్లలు కలిసి కూర్చోవడం మొదలైంది.

టీలు, కాఫీలతో జాత్యహంకారం పోతుందా అని వీళ్లను చిన్నచూపు చూసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు ఆ పని విలువైందే అనిపిస్తుంది, ఎందుకంటే అది అక్కడ ఆగలేదు. తర్వాతి సంవత్సరాల్లో మిసిసిపీ పేద నల్లజాతి ఆడవాళ్లను మీకేం కావాలని అడిగితే, తిండి, ఇల్లు, పిల్లలను చూసుకునే చోటు అన్నారు. పని దానికి తగ్గట్టు మారింది. గల్ఫ్‌పోర్ట్‌లో పేదలు సొంతింటి యజమానులయ్యే పథకానికి ప్రభుత్వంతో కలిసి దారి వేశారు. కౌలు తోటల్లో పనిచేసి, ఓటు నమోదుకు వెళ్లినందుకు ఇల్లు పోగొట్టుకుని, 1963లో వినోనా జైల్లో కిడ్నీ దెబ్బతినేలా దెబ్బలు తిన్న ఫానీ లూ హేమర్‌కు పందుల బ్యాంకు పెట్టడానికి సాయం చేశారు. ఒక కుటుంబం ఆడపందిని తీసుకెళ్తుంది. పిల్లలు పెట్టాక తల్లిని తిరిగి ఇచ్చేస్తుంది, పిల్లల్లో కొన్ని వేరే కుటుంబానికి ఇస్తుంది. ఓటు వేసినందుకు పని పోగొట్టుకున్నవాళ్లకు శీతాకాలంలో మాంసం దొరికింది.

ప్రాణాలు పోయినవాళ్లలో తెల్లజాతి ఆడవాళ్లూ ఉన్నారు. ఓటు హక్కు యాత్ర కోసం డెట్రాయిట్ నుంచి అలబామాలోని సెల్మాకు వచ్చిన వయోలా లియుజో, ఐదుగురు పిల్లల తల్లి, 1965 మార్చి 25 రాత్రి కార్యకర్తలను కార్లో చేరవేస్తుంటే తెల్ల జాత్యహంకార మూక కూ క్లక్స్ క్లాన్‌వాళ్లు కాల్చి చంపారు. ఆ క్లాన్‌వాళ్ల కార్లో ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మర్ కూడా ఉన్నాడు. అది కప్పిపుచ్చడానికి ఆవిడ నడత గురించి ఎఫ్‌బీఐ పుకార్లు పుట్టించింది. పిల్లల్ని వదిలి ఎందుకెళ్లిందని దేశమంతా ఆవిడనే తప్పుపట్టింది. ఒక మహిళా పత్రిక సర్వేలో సగానికి పైగా ఆడవాళ్లు ఇంట్లో ఉండాల్సిందన్నారు. ఆ పిల్లల్ని దగ్గరికి తీసింది ఆవిడ నల్లజాతి స్నేహితురాలు సారా ఎవాన్స్. ఇంకో సంగతీ ఉంది. లియుజో చనిపోయిన మర్నాడే అధ్యక్షుడు జాన్సన్ టీవీలో మాట్లాడారు. నెల ముందు అదే ప్రాంతంలో పోలీసు తూటాకు చనిపోయిన నల్లజాతి యువకుడు జిమ్మీ లీ జాక్సన్‌కు ఆ గౌరవం దక్కలేదు. ఉద్యమంలోని నల్లజాతి ఆడవాళ్లకు ఇది బాగా తెలుసు. లియుజో కోసం ఏడ్చారు, ఈ తేడాకు కడుపు మండింది కూడా.

మనవాళ్లకు దీనితో సంబంధం ఉందా అంటే, ఉంది. 1941లో కమలాదేవి చట్టోపాధ్యాయ (మన హైదరాబాద్ సరోజినీ నాయుడు గారి తమ్ముణ్ణి పెళ్లి చేసుకున్నావిడ) అమెరికా దక్షిణాదిలో రైల్లో వెళ్తుంటే టికెట్ కలెక్టర్ లేచి వేరే పెట్టెలోకి వెళ్లమన్నాడు. భారతీయురాలినని చెప్పి ఉంటే వదిలేసేవాడు. ఆవిడ అలా తప్పించుకోలేదు. నేనూ నల్లదాన్నే, లేవను అన్నారు. ఇక 1965లో వలస చట్టం మారేదాకా భారతీయులకు ఏడాదికి వంద వీసాల కోటా ఉండేది. పౌరహక్కుల ఉద్యమం పుట్టించిన ఒత్తిడి లేకుండా ఆ చట్టం అప్పుడు వచ్చేది కాదు. అట్లాంటాలో, డాలస్‌లో, న్యూజెర్సీలో మన తెలుగువాళ్ల ఇళ్లన్నీ ఆ తలుపులోంచి వచ్చినవే.

ప్రాజెక్టు సంగతి. రోజా పార్క్స్ అంటే క్లాసులో సగం మంది అదే తెస్తారు. నా సలహా జార్జియా గిల్మోర్. పెద్ద చదువులు లేవు, ఉపన్యాసాలు లేవు, వంట మాత్రం ఉంది. అట్లాంటా నుంచి మాంట్‌గొమరీకి కారులో రెండున్నర గంటలు. డెరికోట్ వీధిలో ఆవిడ ఇంటి ముందు చారిత్రక ఫలకం ఉంది, అమ్మాయి ఫొటో తీసుకోవచ్చు. రోజా పార్క్స్ మ్యూజియం కూడా ఊళ్లోనే ఉంది. ఊరి ప్రధాన గ్రంథాలయానికి ఇప్పుడు జూలియట్ మోర్గన్ పేరు పెట్టారు, అది కూడా చూపించండి. 1980ల్లో ఒక టీవీ డాక్యుమెంటరీ కోసం గిల్మోర్ ఇచ్చిన ఇంటర్వ్యూ పూర్తి పాఠం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. వర్జీనియా డర్ ఇంటర్వ్యూలు నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం సైట్‌లో ఉన్నాయి. రెండూ చదివించి, ఒకే ఊరు, ఒకే ఏడాది ఆ ఇద్దరికీ ఎలా కనిపించిందో పక్కపక్కన రాయమనండి. పని ఎవరు అడిగారు, ఎవరు చేశారు, ఎవరికి ఎంత నష్టం జరిగింది అనే మూడు గడులు గీసుకుంటే టెన్షన్ లేకుండా రాయొచ్చు. టీచర్ పేజీల లెక్క ఎంత పెట్టారో చెప్తే, ఏది ఉంచాలో ఏది వదలాలో నేను చూసి చెప్తాను.